మూడు దేశాల్లో పెరిగిన పిల్ల యాస ఎందుకలా మారుతుంది?

ప్రశ్న: మస్కట్‌లో పుట్టిన మా అమ్మాయిని అయిదేళ్లప్పుడు ఇంగ్లండ్‌లోని లీడ్స్ తీసుకెళ్లాం, పదేళ్లప్పుడు టొరంటో. ఏడాది క్రితం వైజాగ్ వచ్చేసి ఎంవీపీ కాలనీలో ఉంటున్నాం. ఇప్పుడు పాపకు పదమూడేళ్లు. ఇంట్లో మొదటినుంచీ తెలుగే మాట్లాడాం. అయినా తను తెలుగు మాట్లాడితే మా అత్తగారు "దొరసానిలా ఉంది" అంటారు, క్లాసులో పిల్లలు వెక్కిరిస్తారు. ఇంగ్లీషు కూడా ఒక్క తీరున ఉండదు. టొరంటో ఫ్రెండ్స్‌తో ఫోన్లో ఒకలా, లీడ్స్‌లో ఉన్న మా ఆడపడుచుతో ఇంకోలా, ఇక్కడి టీచర్లతో మరోలా మాట్లాడుతుంది. అదంతా యాక్టింగ్ అని మావారి కోపం. ఏడేళ్ల బాబు మాత్రం అప్పుడే వీధి పిల్లల్లా మాట్లాడేస్తున్నాడు. పాపలో ఏమైనా లోపం ఉందా? యాక్సెంట్ ట్రైనింగ్‌లో చేర్పించాలా?

జవాబు:

లోపం లేదు. యాక్టింగ్ కాదు. ట్రైనింగ్ అక్కర్లేదు. మీరు రాసిన తీరులో టెన్షన్ కనబడుతోంది కాబట్టి ఈ మూడూ ముందే చెప్పేశాను. ఎందుకో ఇప్పుడు వివరంగా చెబుతాను.

నేను చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో స్పీచ్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. వైజాగ్‌లో ఈ ప్రశ్న ఎప్పుడూ వచ్చేదే. నేవీ వాళ్ల పిల్లలు, ఓడల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, ఉక్కునగరంలో పుట్టి గల్ఫ్‌లో చదివి వచ్చినవాళ్లు, అమెరికా నుంచి హైస్కూలు మధ్యలో తిరిగొచ్చినవాళ్లు, ఇలా ఎందరో. అందరినీ చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. పిల్లల యాసను నిర్ణయించేది పాస్‌పోర్టు మీద పడ్డ ముద్రలు కాదు. ఏ వయసులో ఏ పిల్లల గుంపులో కలిసిపోయారన్నదే. మీ పాప మాటలో లీడ్స్ అనే ఊరు లేదు, లీడ్స్‌లో తన పక్కన కూర్చున్న పిల్లలున్నారు.

ముందు చెవి సంగతి చూద్దాం. మాట రాకముందే పసిపిల్లల చెవి పని మొదలుపెడుతుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసివాళ్లకు హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను పట్టేశారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు. ఇంట్లో వినబడని తేడాను చెవి పక్కన పెట్టేస్తుందన్నమాట. మన త, ట కూడా అలాంటి జంటే కనుక మనకు ఇది దగ్గరి విషయం. మీ పాప ఆ మొదటి ఏడాదిలోనూ, తర్వాత మస్కట్‌లో ఉన్న నాలుగేళ్లూ మీ నోట తెలుగు వింది. ఆ పునాది చాలా విలువైనది. అది లేకుండా పదమూడేళ్లకు తెలుగు మొదలుపెట్టిన పిల్లల కష్టం వేరు.

మరి చెవికి తెలిసినా నోరు ఎందుకు అలా పలుకుతుంది? త అనేటప్పుడు నాలుక కొస పై పళ్లను తాకుతుంది. ట అనేటప్పుడు కొస వెనక్కి మడుచుకుని అంగిలి వైపు వెళుతుంది. ఇంగ్లీషువాళ్ల 'టీ' ఈ రెండూ కాదు, పై పళ్ల వెనకాల చిగుళ్ల గట్టు మీద పలుకుతుంది. అయిదేళ్ల వయసు నుంచి బడిలో రోజంతా ఇంగ్లీషే మాట్లాడిన నాలుకకు ఆ గట్టే అలవాటు. అందుకని తెలుగులో త వచ్చినా ట వచ్చినా అక్కడికే పోతుంది. అప్పుడు కోతి, కోటి ఒకేలా వినబడతాయి. పాట, పాత కూడా అంతే. క్లాసులో పిల్లలు నవ్వేది ఇలాంటి చోటే అయ్యుంటుంది.

రెండోది గాలి. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే ప, ట, క శబ్దాలతోపాటు కొంచెం గాలి బయటికొస్తుంది. అదే అలవాటుతో "పాలు" అంటే మన చెవికి "ఫాలు"కి దగ్గరగా వినబడుతుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని ఆమెను రెండు భాషల్లోనూ పలకమనండి, తేడా తనకే తెలుస్తుంది. మూడోది ఒత్తులు. "అన్న"లో న దగ్గర మనం కాస్త ఆగుతాం. ఇంగ్లీషులో ఒకే మాట లోపల అలా ఆగడం దాదాపు లేదు కనుక "అన" అయిపోతుంది. ళ, ణ సంగతి సరేసరి, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన చాలామంది పిల్లలు కూడా వాటిని ల, న గానే పలుకుతున్నారు. దాని గురించి మీ పాపను ఒక్కదాన్నీ నిలదీయడం న్యాయం కాదు.

నా అనుభవంలో "దొరసానిలా ఉంది" అనిపించేది విడి శబ్దాలకన్నా మాట నడక వల్లే. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బరువు వేసి మిగతావాటిని మింగేస్తారు. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని నిడివి దానికి ఇవ్వాలి. విశాఖపట్నం అనే మాటలో ఖ గానీ శా గానీ చిక్కిపోతే మనకు వెంటనే పరాయిగా తోస్తుంది. ఈ నడకను పాఠంలా చెప్పి నేర్పించడం చాలా కష్టం, నలుగురి మధ్య ఉంటే మాత్రం తనంతట తనే వస్తుంది. పద్యాలు, పాటలు గొంతెత్తి పాడించడం కూడా బాగా పనిచేస్తుంది. పాడేటప్పుడు దీర్ఘానికి దీర్ఘం, ఒత్తుకు ఒత్తు ఇవ్వక తప్పదు కదా.

ఇక ఇంగ్లీషు. మీరు, మీవారు మాట్లాడే ఇంగ్లీషు మన ఇంగ్లీషే. పాపది అలా లేకపోవడం చూసి మీరేమీ ఆశ్చర్యపోనక్కర్లేదు. పిల్లలు తల్లిదండ్రుల యాసతో మొదలుపెట్టినా బడికెళ్లిన కొద్దికాలానికే తోటి పిల్లల యాసలోకి వెళ్లిపోతారు. ఎక్కడి వలస కుటుంబాల్లో చూసినా కనబడేది ఇదే. లీడ్స్ వైపు కప్, బస్ అనే మాటల్లోని అచ్చు మన 'ఉ'కి దగ్గరగా ఉంటుంది. గ్రాస్, బాత్ అనేటప్పుడు లండన్ వైపు సాగదీస్తారు, లీడ్స్ వైపు పొట్టిగా అంటారు. కార్ అన్నప్పుడు చివరి ర పలకరు. టొరంటోలో ఆ ర గట్టిగా పలుకుతారు, వాటర్ అనేది వాడర్‌లా వినబడుతుంది. మీ పాప ఫోన్ మాట్లాడేటప్పుడు కాసేపు వినండి, వీటిలో ఏవి ఎవరితో వస్తున్నాయో మీకే తెలిసిపోతుంది.

మీ పిల్లలిద్దరి మధ్య తేడాకు సరిగ్గా సరిపోయే పరిశోధన ఒకటుంది. జాక్ ఛాంబర్స్ అనే కెనడా భాషాశాస్త్రవేత్త, కెనడా నుంచి దక్షిణ ఇంగ్లండ్‌కు మారిన రెండు కుటుంబాల్లోని ఆరుగురు పిల్లలను గమనించి 1992లో రాశారు. కొత్త మాటలు అందరికీ త్వరగానే వచ్చాయి. కొత్త ఉచ్చారణ మాత్రం నిదానంగా, ఒక్కొక్కరికి ఒక్కోలా వచ్చింది. ఏడేళ్లు, అంతకు తక్కువ వయసులో వచ్చినవాళ్లు కొత్త ఊరి మాటతీరును దాదాపు పూర్తిగా పట్టేస్తారని, పద్నాలుగు దాటినవాళ్లకు దాదాపుగా పట్టుబడదని, ఆ రెండింటి మధ్య వయసులో మనిషిని బట్టి ఉంటుందని ఆయన తేల్చారు. మీ బాబు ఆరేళ్లకు వైజాగ్ వచ్చాడు, పాప పన్నెండుకు వచ్చింది. వాడు ఎక్కువ తెలివైనవాడనీ, ఈమె మొండిదనీ అర్థం కాదు. దయచేసి ఇద్దరినీ పోల్చకండి, ముఖ్యంగా పాప ఎదురుగా.

అలాగని ఏదో ఒక పుట్టినరోజుతో తలుపు మూసుకుపోతుందని కూడా అనుకోవద్దు. 1995లో జేమ్స్ ఫ్లెగీ, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ఇటలీ నుంచి కెనడాకు వేర్వేరు వయసుల్లో వలస వచ్చిన 240 మంది ఇంగ్లీషును పరీక్షించారు. వచ్చిన వయసు పెరిగేకొద్దీ పాత యాస ఎక్కువ మిగిలింది. అయితే ఆ పెరుగుదల మెల్లమెల్లగానే ఉంది, ఒక వయసు దగ్గర గోడ కట్టినట్టుగా లేదు.

వయసొక్కటే కాదనడానికి అందరికీ తెలిసిన అన్నదమ్ములున్నారు. హెన్రీ కిసింజర్ కుటుంబం 1938లో జర్మనీ వదిలి న్యూయార్క్ చేరింది. అప్పటికి ఆయనకు పదిహేను, తమ్ముడు వాల్టర్‌కు పద్నాలుగు. హెన్రీ అమెరికా విదేశాంగ మంత్రి అయ్యాక కూడా ఆ జర్మన్ యాస పోలేదు. తమ్ముడు మాత్రం అమెరికావాళ్లలాగే మాట్లాడేవాడు. ఒకే ఇల్లు, ఒకే ఊరు, ఏడాది తేడా. హెన్రీ కొంతకాలం పగలు షేవింగ్ బ్రష్‌లు తయారుచేసేచోట పనిచేసి, రాత్రిపూట బడికి వెళ్లాడు. బిడియస్తుడని కూడా చెబుతారు. ఇదే కారణమని నేను తీర్పు చెప్పను గానీ, నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎంతమందితో, ఎంతసేపు, ఎంత ఇష్టంగా మాట్లాడుతున్నారన్నది వయసుతో సమానంగా లెక్కకు వస్తుంది.

ఇప్పుడు మీవారి "యాక్టింగ్" మాటకు వస్తాను. ఎదుటివాళ్లను బట్టి మన మాటతీరు జరగడం మనుషులందరిలోనూ ఉంది. హోవర్డ్ గైల్స్ అనే ఆయన 1970ల నుంచి దీన్ని ఒక సిద్ధాంతంగానే వివరించారు. దగ్గరవ్వాలనుకున్నవాళ్ల వైపు మన మాట జరుగుతుంది, దూరం పెట్టాలనుకుంటే అవతలికి జరుగుతుంది. చాలావరకు మనకు తెలియకుండానే. మీవారిని ఒకసారి గమనించండి. రైతుబజారులో బేరం ఆడేటప్పుడు, ఆఫీసు మీటింగ్‌లో, హైదరాబాద్ చుట్టాలతో ఫోన్లో ఒకే తెలుగు మాట్లాడతారా? ఇంగ్లండ్ రాణి రెండో ఎలిజబెత్ మాటే మారింది. ఆమె 1950ల నుంచి 1980ల దాకా ఇచ్చిన క్రిస్మస్ ప్రసంగాలను కొలిచి చూస్తే, అచ్చులు మెల్లగా సామాన్య జనం పలికే వైపు జరిగాయని 2000 సంవత్సరంలో 'నేచర్' పత్రికలో జొనాథన్ హారింగ్టన్ బృందం చూపించింది. సొంత దేశంలోనే పెరిగిన రాణికే అలా అయితే, మూడు దేశాలు తిరిగిన పిల్ల సంగతి చెప్పాలా? మీ పాప దగ్గర మనకన్నా ఎక్కువ యాసలున్నాయి, అంతే. ఎవరికి ఏది దగ్గరో తనకు తెలుసు. "నటిస్తున్నావు" అంటే మాత్రం చాలా నొచ్చుకుంటుంది. ఆ ఒక్క మాట ఇంట్లో ఆపించండి. ఇది నేను గట్టిగానే అడుగుతున్నాను.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, తిరిగొచ్చిన పిల్లల్లో నేను చూసిన నిజమైన నష్టం యాస కాదు, మౌనం. పిల్ల తెలుగులో ఒక వాక్యం మొదలుపెడుతుంది. సగంలో ఎవరో నవ్వుతారు, లేదా పెద్దవాళ్లు "అలా కాదు, ఇలా అను" అని దిద్దుతారు. రెండుమూడుసార్లు అలా జరిగాక, "నాకు తెలుగు రాదు" అని చెప్పడం తేలికని నేర్చుకుంటుంది. ఆ తర్వాత నాయనమ్మతో కూడా అవును, కాదు, తిన్నాను వరకే. మాట్లాడని భాషలో యాస బాగుపడే దారే ఉండదు. ఒక నేవీ కుటుంబంలో ఇది చాలా స్పష్టంగా చూశాను. పెద్దమ్మాయికి అర్థంకాని తెలుగు మాటంటూ లేదు, అయినా చుట్టాలొస్తే గదిలోంచి బయటికి వచ్చేది కాదు. ఆమెకు నేను శబ్దాలు నేర్పింది చాలా తక్కువ. ఎక్కువగా పెద్దవాళ్లకే, నవ్వకుండా వినడం ఎలాగో చెప్పాల్సి వచ్చింది.

వినేవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. 1992లో అమెరికాలో డొనాల్డ్ రూబిన్ కాలేజీ విద్యార్థులకు ఒకే గొంతుతో రికార్డు చేసిన పాఠం వినిపించారు. కొందరికి పాఠం చెబుతున్నది తెల్లజాతి స్త్రీ అన్నట్టు ఫోటో చూపించారు, కొందరికి ఆసియా స్త్రీ ఫోటో. ఆసియా ఫోటో చూసినవాళ్లకు లేని యాస వినబడింది, పాఠం కూడా తక్కువ ఒంటబట్టింది. గొంతు మాత్రం ఒక్కటే. "విదేశం నుంచి వచ్చిన పిల్ల" అనే ముద్ర ముందే పడ్డాక, మీ పాప మామూలుగా అన్న మాట కూడా ఇక్కడివాళ్లకు వింతగా వినబడే అవకాశం ఉంది. క్లాస్ టీచర్‌తో మీరు మాట్లాడేటప్పుడు ఇది చెప్పండి. వెక్కిరింపు గురించి తప్పకుండా మాట్లాడాలి. "పిల్లలు అంతేలెండి" అంటే ఒప్పుకోకండి.

ఏం చేయాలంటే, తెలుగులో పనిబడే సందర్భాలు పెంచండి. ట్యూషన్ వద్దు, వీడియోలు కూడా పెద్దగా అక్కరకు రావు. పాట్రిషియా కూల్ 2003లో చేసిన ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికా పసివాళ్లు, ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి దగ్గర చైనా భాష శబ్దాల తేడా నేర్చుకున్నారు, అదే వీడియోలో చూసినవాళ్లు నేర్చుకోలేదు. అది పసిపిల్లల సంగతే అయినా, పెద్ద పిల్లల విషయంలోనూ మనుషుల మధ్య ఉండటానికి సాటి వచ్చేది నేను చూడలేదు. పాపకు ఏది ఇష్టమో అందులోకి పంపండి. బ్యాడ్మింటన్ అయితే బ్యాడ్మింటన్, డాన్స్ అయితే డాన్స్, కానీ అక్కడి పిల్లలు తమలో తాము తెలుగే మాట్లాడుకునేవాళ్లై ఉండాలి. పెద్ద ఫీజుల అకాడమీల్లో చాలావాటిలో ఇంగ్లీషే నడుస్తుంది కాబట్టి చేర్చేముందు ఒక సాయంత్రం వెళ్లి విని రండి. కూరగాయలకు తమ్ముణ్ణి తోడిచ్చి పంపండి. మీ అత్తగారిని చిన్నప్పటి సంగతులు చెప్పమనండి, పాప ఫోన్లో రికార్డు చేస్తుంది. అడగాల్సిన ప్రశ్నలు పాపే వేయాలి. తప్పు పలికితే అక్కడికక్కడ ఆపి దిద్దవద్దు. మీ జవాబులో అదే మాటను సరిగ్గా పలికితే చాలు. తను "కోటి చెట్టెక్కింది" అంటే, మీరు "అవునా, ఏ కోతి?" అనండి, అక్కడితో వదిలేయండి.

ఈ దారిలో మీకు నచ్చని ఫలితం ఒకటి రావచ్చు. పాప నేర్చుకునే తెలుగు టీవీ వార్తల తెలుగు కాకపోవచ్చు. "ఏటి", "ఎలగున్నావు", "వచ్చీసేడు" అంటూ రావచ్చు. మీ బాబు ఇప్పటికే అలాగే అంటున్నాడని నా ఊహ. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడ బెంబేలెత్తి, "ఆ భాష వద్దు, మంచి తెలుగు మాట్లాడు" అని మళ్లీ నోరు నొక్కేస్తారు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు మనుషులు తరతరాలుగా మాట్లాడుతున్న తెలుగు అది. తెలుగు మాండలికాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు కళింగాంధ్రను ఒక ప్రత్యేక మాండలిక ప్రాంతంగానే గుర్తించారు. పాప నోట ఆ మాటలు వచ్చాయంటే ఈ ఊరి పిల్లలు తనను కలుపుకున్నారని అర్థం. సంతోషించండి. పుస్తకం భాష బడిలో ఎలాగూ వస్తుంది.

ఎంతవరకు మారుతుందని మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. తెలుగు నడక, ఒత్తులు, గాలి తగ్గడం, ఇవి నేను చూసిన పిల్లల్లో మంచి స్నేహాలు దొరికితే బాగానే మారాయి. త, ట కొంచెం సాధనతో వస్తాయి. ఎక్కడో ఒకచోట, కోపంలోనో అలసటలోనో, లీడ్స్ పొర బయటపడుతూనే ఉండవచ్చు. ఇంగ్లీషులో మాత్రం ఏ ఒక్క ఊరికీ చెందని మాటతీరు మిగలవచ్చు. ఫిలడెల్ఫియా దగ్గరి కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊళ్లో ఆర్విలా పేన్ 1970లలో చూసింది ఇదే. బయటినుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు అక్కడి ఉచ్చారణలో తేలికైన మార్పులన్నీ పట్టేశారు. కానీ ఏ మాటలో ఏ అచ్చు అనే ఒక చిక్కు నియమం మాత్రం తల్లిదండ్రులు కూడా అక్కడివాళ్లే అయిన పిల్లలకే పూర్తిగా వచ్చింది. లీడ్స్‌లోనే ఉండిపోయినా మీ పాప మాటలో మీ ఇంటి జాడ కొంత ఉండేదేమో.

చిన్నప్పుడు విన్నది ఊరికే పోదనడానికి కూడా ఆధారాలున్నాయి. చైనాలో పుట్టి, పసితనంలోనే మాంట్రియల్‌లోని ఫ్రెంచి కుటుంబాలకు దత్తత వెళ్లిన అమ్మాయిల మీద 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లకు చైనా భాష ఒక్క ముక్క గుర్తులేదు. అయినా ఆ భాషలో మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు వినిపిస్తే వాళ్ల మెదడు చైనా భాష మాట్లాడేవాళ్ల మెదడులాగే స్పందించింది. మీ పాప విషయంలో తెలుగు ఎప్పుడూ ఆగనే లేదు కనుక ఇంకా ధైర్యంగా ఉండవచ్చు.

యాక్సెంట్ ట్రైనింగ్ సెంటర్లు ఎక్కువగా కాల్ సెంటర్ ఉద్యోగాల కోసం పెట్టినవి. పదమూడేళ్ల పిల్లకు అక్కడ పని లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. మాలాంటివాళ్ల దగ్గరకు రావాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఏ భాషలో మాట్లాడినా దగ్గరివాళ్లకే అర్థం కాకపోతే, మాట తడబడుతుంటే, పదేపదే "ఏంటి?" అని అడుగుతుంటే, ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో నెలకు మించి నోరే విప్పకపోతే ఆలస్యం చేయకండి. వినికిడి అనుమానం ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఇవేమీ లేకపోతే ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. కోతి, కోటి రూపాయలు, పాట, పాత చెప్పులు, ఇలాంటి జంటలకు నాలుగైదు బొమ్మలు గీయండి. మీ అత్తగారిని వెనకనుంచి ఒక్కో మాట అనమనండి, పాప ఏ బొమ్మ చూపిస్తుందో రాసుకోండి. తేడా వినబడుతుంటే నాలుకకు సాధన చాలు. వినబడకపోతే ముందు చెవికి పని చెప్పాలి, ఆ సాధన వేరుగా ఉంటుంది. ఏమైందో రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.